కువైట్‌లో ఒక పడక

మా బావ జీపుకు పార్టీ లేదు. ఈ ముక్క మా ఊళ్లో ఎవరికి చెప్పినా నమ్మలేదు. ఎగవ వీధిది ఒక పార్టీ, దిగవ వీధిది ఇంకో పార్టీ, చుట్టుపక్కల ఊళ్లకు కూడా ఆ లెక్క తెలుసు. పంచాయతీ ఎన్నికల రోజు పొద్దున దిగవ వీధి వాళ్లు ఆ జీపును బాడుగకు మాట్లాడుకుని తమ ఓటర్లను తోలించుకున్నారు. మధ్యాహ్నానికి ఓట్లు ఆగి రాళ్లు మొదలయ్యాయి. సాయంత్రం ఎగవ వీధి మనిషి ఒకడు చెయ్యి విరిగి రోడ్డు మీద పడి ఉంటే, అటుగా వస్తున్న బావ అతణ్ణి అదే జీపులో వేసుకుని జమ్మలమడుగు ఆసుపత్రిలో దింపి వచ్చాడు. పొద్దున చూసినవాళ్లు బావను దిగవ మనిషన్నారు. సాయంత్రం చూసినవాళ్లు ఎగవ మనిషన్నారు. రెండు పూటలా చూసినవాళ్లు ద్రోహి అన్నారు.

వారం తిరగకముందే ఒక తెల్లవారుజామున ఇంటి ముందు నిలిపిన జీపు మీద నాటుబాంబు పడింది. లోపల ఎవరూ లేరు. టాపు కాలిపోయింది, స్టీరింగు మిగిలింది. వేసింది ఏ వీధి వాళ్లో తేలలేదు. మేము కాదని ఇరువైపులా చెప్పారు. ఇరువైపులా వచ్చి పరామర్శించి కూడా పోయారు. దిగవ వీధి పెద్దాయన, "మా పక్కకు వచ్చెయ్యప్పా, నిన్ను ముట్టుకునేదెవురో చూస్తాం" అన్నాడు. మర్నాడు ఎగవ వీధి పెద్దాయన వచ్చి అదే మాట, ఇంచుమించు అదే గొంతుతో అన్నాడు. బాంబుకు ఏడవని మా అక్క ఆ రెండు పలకరింపులకు ఏడ్చింది. ఒక పక్కకు పోతే రెండో పక్క ఊరుకోదు. ఏ పక్కకూ పోకపోతే ఇద్దరూ తొందరపడరు గానీ, మరిచిపోరు.

నేనప్పుడు ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతున్నాను. అంటే కాలేజీ ఉన్న ఊళ్లో ఉంటున్నాను. బంగారం అంగళ్ల వెనక సందులో మేడ మీద ఒక గది నాది. అక్కా బావా ఒక పెట్టె, ఒక కుట్టుమిషను తీసుకుని ఆ గదికి వచ్చేశారు. ఇంటి ఓనరు మెట్ల దగ్గర నిలబడి మిషను పైకెక్కడం ఆసాంతం చూశాడు.

"ఏమబ్బీ, పెండ్లి కాని పిల్లోడని రూమిస్తే కాపురం పెట్టినావే?"

"నాది కాదు మామా, మా అక్కది. నాలుగు దినాలుండి పోతారు."

"మిషను తెచ్చుకున్నోళ్లు నాలుగు దినాల్లో పోరప్పా" అన్నాడు ఆయన. అనుభవజ్ఞుడు.

ప్రొద్దుటూరు మా ఊరికి దూరమే గానీ మా ఊరివాళ్లకు దూరం కాదు. పెళ్లి బట్టలకూ, తాళిబొట్టుకూ, పంటి డాక్టరుకూ, వకీలుకూ అందరూ ఇక్కడికే వస్తారు. బావ టీ తాగడానికి కిందికి దిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు, "ఏమప్పా, ఈడుండావా?" అని పలకరించి పోయేవాళ్లు. వేరే రోజుల్లో అయితే అది కుశలప్రశ్న. ఆ రోజుల్లో మాకు అడ్రసు రాసుకుంటున్నట్టు వినిపించేది.

ఒక రోజు దిగవ వీధి కుర్రాళ్లిద్దరు మా సందు మొదట్లో సోడా బంకు దగ్గర పొద్దున నిలబడినవాళ్లు సాయంత్రం దాకా కదల్లేదు. ఎందుకు నిలబడ్డారో మాకు తెలియదు. బావ గదిలోంచి బయటికి రాలేదు. చప్పుడు కిందికి పోతుందని అక్క మిషను తొక్కలేదు. మాట్లాడుకోవడం కూడా చేతులతోనే. నేను మాత్రం రెండుసార్లు కిందికి పోయి వాళ్ల పక్కనే నిలబడి సోడా తాగి వచ్చాను. ఒకడు నా వైపు చూసి, మళ్లీ సిగరెట్టు వైపు చూసుకున్నాడు. చంపడానికి కూడా ఒక స్థాయి ఉండాలి.

ఆ సాయంత్రమే బావ కువైట్ మాట ఎత్తాడు. ఆర్నెల్లు కంటికి కనబడకుండా ఉంటే వీళ్లకు వేరే పని దొరుకుతుందని ఆయన లెక్క. మా జిల్లాలో కువైట్ పోవడం పెద్ద విశేషం కాదు. కడపకు పోయినట్టే పోతారు, కాకపోతే కడప నుంచి సాయంత్రానికి తిరిగొస్తారు.

బట్టల అంగడి మీద ఏజెంటు ఆఫీసు. ఆయన దగ్గర నిజంగానే ఒక వీసా ఉంది. నీళ్ల ట్యాంకరు డ్రైవరు, ఆర్నెల్ల కాంట్రాక్టు. బావ ముఖంలో వెలుగు వచ్చింది. ఏజెంటు ఆ వెలుగును ఎక్కువసేపు ఉండనివ్వలేదు.

"వీసా నేనిస్తా. టికెట్ నేనిస్తా. పడక మాత్రం నువ్వే చూసుకోవల్లప్పా. ఈ కంపెనీవాళ్లు రూము ఇయ్యరు. యాడ పండుకుంటావో చెప్తేనే నేను టికెట్ కొట్టిచ్చేది. పోయినసారి ఒకడు అడ్రసు లేకుండా దిగి ఎయిర్‌పోర్టులోనే కాపురం పెట్టినాడు. నాకు చెడ్డపేరు."

"లాడ్జీలు ఉండవా?" అన్నాను నేను, చదువుకున్నవాణ్ణి కాబట్టి.

"ఎందుకుండవు? ఆర్నెల్లు లాడ్జీలో పండుకుంటే, ఆర్నెల్లూ లాడ్జీ కోసరమే ట్యాంకరు తోలల్ల. తిండికి ఈడ నుంచి మీ అక్క పంపల్ల." బావ వైపు తిరిగాడు. "మనోళ్ల రూములో ఒక పడక చూసుకో. అదే చవక. వచ్చే శనివారం లోపల చెప్పు. లేదంటే ఈ వీసా ఇంకొకనికి పోతాది."

బయటివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. కువైట్‌లో మా వాళ్లు ఉండే గదులు కువైట్‌లో దొరకవు. జమ్మలమడుగులో, పులివెందులలో, ప్రొద్దుటూరులో దొరుకుతాయి. ఒక గదిలో ఐదారుగురు కలిసి బాడుగ పంచుకుంటారు. ఒకడు ఊరికి వచ్చేస్తే వాడి పడక ఖాళీ అవుతుంది. ఆ పడక ఎవరికివ్వాలో చెప్పేది గది పట్టిన మనిషి తాలూకు ఇంటివాళ్లు. వచ్చేవాడు రేపు ఎవరి గడియారమో ఎత్తుకుపోతే ఎవరి తలుపు తట్టాలో ముందే తెలిసి ఉండాలి కదా. ఇది పైకి చెప్పే కారణం. లోపలి కారణం ఇంకొకటి. పొద్దంతా ఎండలో పనిచేసి వచ్చి కళ్లు మూసుకునేటప్పుడు, పక్కన పడుకున్నవాడు ఎదుటి వర్గం మనిషి కాకూడదు. అందుకని మా ఊళ్ల వీధులు ఎట్లా ఉంటాయో అక్కడి గదులు కూడా అట్లాగే ఉంటాయి. సముద్రం దాటినా ఎగవ ఎగవే, దిగవ దిగవే.

అట్లా కువైట్‌లో గది వెతకడానికి మేము జమ్మలమడుగు బస్సెక్కాం. నన్ను తోడు పంపింది అక్క. నా ధైర్యం చూసి కాదు. ఇద్దరుంటే ఒకడైనా తిరిగొచ్చి జరిగింది చెబుతాడని.

మొదటి ఇల్లు కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మనిషిది. మెడలో గొలుసు, గదిలో పెద్ద టేప్‌రికార్డరు, దాని మీద ఇంకా తియ్యని ప్లాస్టిక్ కవరు. మర్యాదగా టీ ఇప్పించాడు.

"పడకైతే ఉండాది. రూము శానా బాగుంటాది. ఏసీ, ఫ్రిజ్జు, అన్నీ. మీది ఏ ఊరు?"

బావ ఊరి పేరు చెప్పాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఎవురి మనుషులు?"

"ఎవురి మనుషులమూ కాదన్నా. జీపు తోలుకోని బతుకుతాండా."

బావ చెప్పింది పచ్చి నిజం. మా ప్రాంతంలో అంతకంటే అనుమానం పుట్టించే జవాబు ఇంకొకటి లేదని మాకు అప్పుడు తట్టలేదు. ఆయన టేప్‌రికార్డరు మీది కవరును సర్ది, తీరిగ్గా అన్నాడు.

"ఎగవోళ్లమని చెప్పింటే నేను లేదనింటి. దిగవోళ్లమని చెప్పింటే సరే అనింటి. రెండూ కాదంటే నేనేమనుకోవల్ల? దాస్తాండారనుకోవల్ల. మనిషన్నాక ఏదో ఒకటి చెప్పల్ల గదప్పా."

"అయితే దిగవోళ్లమే అనుకోన్నా" అన్నాను నేను.

"ఇప్పుడు చెప్తే ఎట్ల?" అన్నాడు ఆయన, నిజంగానే బాధపడుతూ.

తిరుగు దారిలో బావ ఒక నిర్ణయానికి వచ్చాడు. ఈసారి వాళ్లు అడగకముందే చెప్పాలి. ఏది చెప్పాలన్నది ఆ ఇంటిని చూసి చెప్పాలి.

రెండో ఇల్లు పులివెందుల దగ్గర ఒక చీనీతోటలో. తోట ఆసామి కొడుకులిద్దరూ కువైట్‌లో. ముద్దనూరు మీదుగా బస్సులో పోయి, బస్టాండులో దిగి, తోట దాకా నడిచాం. బోరు మోటారు చప్పుడు, తడిసిన మట్టి వాసన, చెట్ల నిండా బత్తాయిలు, మేము చీనీకాయలంటాం. ఇంకో పని మీద వచ్చి ఉంటే బాగుండు అనిపించే చోటు. మిద్దె మీద జెండా ఎగురుతోంది. ఎగవ వీధి వాళ్ల పార్టీ జెండా. బావ నా వైపు చూసి తల ఊపాడు.

ఆసామి మంచం మీద కూర్చుని ఉన్నాడు. వెనక అల్లుడనుకుంటాను, ఒక దిట్టమైన మనిషి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. బావ నమస్కారం పెట్టి, కూర్చోకుండానే, "మేము ఎగవోళ్లం మామా" అనేశాడు.

ఆసామి మా ముఖాలు చూశాడు. తర్వాత తలెత్తి మిద్దె మీదికి చూశాడు.

"ఆ జెండా చూసి చెప్తాండావా?"

బావ కూడా తలెత్తి జెండా వైపు చూశాడు.

"పోయిన నెలలోనే మారినాం మేము. జెండా దింపేదానికి మావోడు ఎక్కితే నిచ్చెన ఇరిగిపాయ. కొత్త నిచ్చెన రావల్ల."

నాకు నవ్వు రావాల్సిన చోటు అది. రాలేదు. ఎందుకంటే ఆయన బావను ఇంకా చూస్తూనే ఉన్నాడు.

"కాలిపోయిన జీపు నీదేనా?"

"నాదే."

"చేయి ఇరిగినోన్ని ఆస్పత్రిలో ఏసింది నువ్వేనా?"

"నేనే."

స్తంభానికి ఆనుకున్న మనిషి నిటారుగా నిలబడ్డాడు. ఆసామి మంచం మీంచి లేచి, "పడక లేదప్పా. పోయి రాండి" అన్నాడు.

తోట దాటి రోడ్డెక్కాక వెనక మోటారుసైకిలు చప్పుడు వినిపించింది. మమ్మల్ని దాటిపోలేదు. మా నడకకు తగ్గట్టు నిదానంగా వస్తోంది. వెనక్కి చూడకుండానే బావ అన్నాడు, "నువ్వు చేన్లోకి దిగి ఆపక్కకు పో. నువ్వెవురో వాళ్లకు తెలీదు."

"తెలిసే ఉంటాది బావా, నీ పక్కనే నిలబడింటిని గదా."

"పొమ్మంటాండా గదరా."

నేను పోలేదు. వీరత్వం అనుకోకండి. కాళ్లు బావ చెప్పిన దిక్కుకు తిరగలేదు, అంతే. మోటారుసైకిలు మా పక్కకు వచ్చి ఆగింది. స్తంభం దగ్గరి మనిషే. హ్యాండిలుకు ఒక గోనెసంచి వేలాడుతోంది. దాన్ని విప్పుతున్నంతసేపూ మేమిద్దరం ఆ సంచినే చూశాం. అందులో ఏముందో ఊహించడానికి మా జిల్లాలో పెద్ద కల్పనాశక్తి అక్కర్లేదు.

సంచి నిండా చీనీకాయలు.

"మా మామ ఇచ్చి రమ్మన్నాడు. ఇంటికొచ్చినోళ్లు ఉత్త చేతుల్తో పోగూడదంట." సంచి బావ చేతిలో పెట్టి బండి తిప్పుకున్నాడు. పోబోతూ ఆగి, అదే గొంతుతో, "ఇంకొకసారి మాత్రం ఈ పక్కకు రావొద్దన్నాడు" అన్నాడు.

బస్సులో ఒకటి ఒలుచుకుందామనుకున్నాను. చీనీకాయ తొక్క మామూలుగానే మొండిది. ఆ రోజు గోరు కూడా దిగలేదు.

అక్క మిషను ముందు కూర్చుని అంతా విన్నది. దారం పంటితో తెంపింది.

"మొగోళ్లు పోయి మొగోళ్లనడిగితే పార్టీ కాకుంటే ఇంకేమడుగుతారు?" అంది. "టీచరమ్మ కొడుకు కువైట్లోనే గదా ఉండేది?"

మా ఊరి బడిలో ఏళ్ల తరబడి పనిచేసిన టీచరమ్మ ఆమె. అక్కకూ నాకూ అక్షరాలు నేర్పింది. అక్కకు వచ్చాయి. రిటైరయ్యాక జమ్మలమడుగులో చర్చీ మిషన్ కాంపౌండు పక్కన చిన్న ఇల్లు కట్టుకుంది. ఆమె జాకెట్లు అక్కే కుట్టేది. మాకెందుకు తట్టలేదంటే, ఎగవ దిగవల లెక్కలో ఆమె ఎక్కడా లేదు. లెక్కలో లేని మనిషిని మా వాళ్లు మనిషిగా గుర్తుపెట్టుకోరు.

ఈసారి అక్క కూడా వచ్చింది. టీచరమ్మ మమ్మల్ని ముగ్గురినీ బల్ల మీద వరసగా కూర్చోబెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుంది. గోడ మీద యేసుప్రభువు పటం. ఆయన మా మీద జాలి చూపిస్తున్నట్టే ఉన్నాడు. ఆమె చూపించలేదు.

"తాగుతావా?" అంది బావను.

"పండగలకు..."

"ఏ పండగలకు? ఆమెను చూసి కాదు, నన్ను చూసి చెప్పు."

"అన్ని పండగలకూ టీచరమ్మా."

"రూములో తాగితే మావోడు బయటికి తోస్తాడు. గురక పెడతావా?"

"నాకెట్ల తెలుస్తాది?"

"పెడతాడు" అంది అక్క. "జీపు మాదిరి."

"స్టార్టు కాని జీపు" అన్నాను నేను.

"నిన్నడగలేదు. నువ్వింకా బాగుపడలేదు." ఆమె మళ్లీ బావ వైపు తిరిగింది. "వంటొస్తాదా?"

"సంగటి కెలుకుతా. చెనిక్కాయల చెట్నీ నూరుతా. కోడి..."

"చాలు చాలు." మొదటిసారి ఆమె బావను ఒక మనిషిలా చూసింది.

అడగాల్సినవన్నీ అయిపోయినట్టు ఆమె కళ్లద్దాలు తీసింది. అసలు ప్రశ్న రాలేదు. బావ తట్టుకోలేకపోయాడు.

"టీచరమ్మా, మేము ఎవురి మనుషులమో అడగలేదే?"

"మీ రెండు వీధులోళ్ల ముక్కులూ తుడిచినదాన్ని నేను. ఎగవోళ్లకు వేరేగా కారదు." కళ్లద్దాలు కొంగుతో తుడుచుకుంటూ నిదానంగా అంది, "అయితే ఒక సంగతుండాది. మీ ఊరోడే ఒకడుండాడు ఆ రూములో. మీ దిగవ పెద్దాయప్ప తమ్ముడు."

అక్క చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. బంకు దగ్గర పొద్దంతా నిలబడిన కుర్రాళ్లు ఆ పెద్దాయన మనుషులే. ఆయన తమ్ముడు చేతికందేంత దూరంలో పడుకుని ఉండగా, బావ కళ్లు మూసుకోవాలి.

"మావోని రూములో ఒకటే రూలు. ఉన్నోళ్లందరూ సరే అంటేనే కొత్త మనిషి. నేను సరే అన్నా. మిగిలినోళ్లను శుక్రవారం ఫోన్లో అడుగుదాం. ఆ పొద్దు ఆడ లీవు, అందరూ రూములోనే ఉంటారు. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పండి, ఫోను దండగ."

మేం వద్దనలేదు. సరే అనలేదు. బస్సులో ముగ్గురం మూడు సీట్లలో కూర్చున్నాం. గదికి వచ్చాక బావ అన్నాడు, "సంపించుకునేదానికి అంత దూరం పోవల్లనా? ఈడే ఉంటే టికెట్ అన్నా మిగుల్తాది." నా తరహా జోకు అది. బావ వేస్తే మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

మర్నాడు సోడా తాగడానికి కిందికి దిగాను. బంకు దగ్గర ఆ కుర్రాళ్లలో ఒకడున్నాడు. ఈసారి నన్ను చూశాడు.

"ఏమప్పా, మీ బావ కువైటు పోతాండంటనే?"

"ఎవురు చెప్పిరి?"

"ఎవురో అనుకుంటాండిరిలే. ఏ రూముకు?"

సోడా సీసా బంకు మీద పెట్టాను. మా గదికీ, ఏజెంటు ఆఫీసుకూ, రెండు ఊళ్లలో మూడు ఇళ్లకూ మధ్య ఆ మాట ఎక్కడ కారిందో తెలియదు. కారిందైతే నిజం.

"యా రూమూ దొరకలా" అన్నాను. "ఒంటె పక్కన పండుకుంటాడంట. అది మాత్రం పార్టీ అడగలేదు."

వాడు నవ్వాడు. నవ్వి, నా సోడా డబ్బులు తనే ఇచ్చాడు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

శుక్రవారం మేము ఎస్టీడీ బూతుకు పోయాం. అద్దాల గదిలో ఒకరు పట్టేచోట ముగ్గురం దూరాం. టీచరమ్మ ముందే కబురు చేసి ఉంచింది కాబట్టి ఆమె కొడుకు వెంటనే ఎత్తాడు. నాలుగు మాటలు మాట్లాడి, మిగతావాళ్లందరూ సరే అన్నారని చెప్పి, ఫోను ఇంకొకరికి ఇచ్చాడు. బావ వెన్ను నిటారుగా అయింది. మాకు ఈ పక్క మాటలే వినపడుతున్నాయి.

"ఆ... నేనే... అవును, ఆ జీపే... లేదు, మొత్తం కాల్లేదు... తెలీదప్పా, ఎవురేసినారో ఎవురూ చెప్పలా... ఆ..."

తర్వాత బావ వింటూనే ఉన్నాడు. మీటరు మీద అంకెలు మాత్రం పరిగెత్తుతున్నాయి. అక్క బావ ముఖం చూస్తోంది. నేను అక్క ముఖం చూస్తున్నాను. బయట బూతు ఆయన పేపరు చదువుతున్నట్టు మా ముగ్గురినీ చూస్తున్నాడు. చివరికి బావ చేత్తో రిసీవరు మూసి మా వైపు తిరిగాడు.

"రమ్మంటాండాడు. అయితే నేను ఆ రూములో ఉండేది వాళ్లన్నకు తెలియగూడదంట."

"ఎందుకంట?" అంది అక్క.

"ఆయప్ప ఆడుండేది కూడా వాళ్లన్నకు తెలీదంట. ఇంకో ఊర్లో కంపెనీ రూములో ఉండానని చెప్పినాడంట. ముందు ఎన్నికలప్పుడు వాళ్లన్న ఒక సంచి చేతికిచ్చి, పోయి ఫలానా ఇంటి మీద ఏసి రా అన్నాడంట. ఆ సంచి వంక నీళ్లల్లో పడేసి బస్సెక్కినాడంట. ఆర్నెల్లుండి వస్తామనుకోని పోయినోడు, మల్ల రానే లేదు."

అది నిజమో, మనిషిని గదిలోకి రప్పించుకోవడానికి అల్లిన కథో తేల్చుకోవడానికి మా దగ్గర ఒక టెలిఫోను తీగ తప్ప ఏమీ లేదు. మర్నాడు శనివారం. బావ ఫోను నా చేతికివ్వబోయాడు. నాకు కాళ్లే కాదు, చేతులు కూడా కదల్లేదు. అక్క లాక్కుంది.

"అబ్బీ, నేను. ఆయప్ప పెండ్లాన్ని. నువ్వు మా ఆయప్పను ఏమన్నా చేసే ఉద్దేశముంటే ఇప్పుడే చెప్పు."

బయట పేపరు కిందికి దిగింది. అటునుంచి ఒక గొంతు, గట్టిగానే ఉంది కాబట్టి మాకూ వినపడింది.

"అక్కా, నాకు ఈడ శుక్రవారం ఒక్కటే లీవు. ఆ పొద్దు గుడ్డలు ఉతుక్కోవల్ల, సామాన్లు తెచ్చుకోవల్ల, బాత్రూం కడిగే వంతు కూడా నాదే. నీ మొగున్ని ఏమన్నా చేసేదానికి నాకు టైము యాడిది?"

అక్క నవ్వలేదు. ఆ మాటను కాసేపు చెవి దగ్గరే పెట్టుకుంది.

"ఊర్లో వానొచ్చిందా అక్కా?" అన్నాడు ఆయన.

"రాలా. చెనిక్కాయ చేన్లు ఎండిపోతాండాయి."

"మా చేను?"

"అదీ అంతే."

ఫోను పెట్టేసింది. బావ వైపు చూసి, "పో" అంది. వాన సంగతి అడిగాడని నమ్మావా అని నేను తర్వాత అడిగాను. "మనిషిని సంపేటోడు వాన గురించి అడగడా?" అంది. నిజమే, వాళ్లూ అడుగుతారు. నమ్మింది వాన చూసి కాదు. ఇంకో దారి లేదు, అందుకని నమ్మింది.

బావ వెళ్లే రోజు బస్టాండుకు నేనొక్కణ్ణే పోయాను. అక్క వస్తే ఎవరైనా చూసి అర్థం చేసుకుంటారు. పెట్టె కూడా లేదు, ఒక చేతిసంచి అంతే. కడప బస్సులో కూర్చున్నాక మా ఊరి పెద్దమనిషి ఒకాయన కిటికీ దగ్గరికి వచ్చి, "యాడికప్పా?" అన్నాడు. "కమలాపురం" అన్నాడు బావ. "ఏం పని?" "జీపుకు సెకనాండు టాపు దొరుకుతాదంటే." ఆయన తల ఊపి పోయాడు. బస్సు కదిలేదాకా బావ నన్ను చూడలేదు, నేను బావను చూడలేదు. సెలవు తీసుకోవడం మాకు అట్లా జరిగింది.

ఆ తర్వాతి రోజులు అక్క మిషను ఆగకుండా తొక్కింది. కుట్టిందే విప్పి మళ్లీ కుట్టింది. ఫోను రావాల్సింది కింద ఓనరు ఇంటికి. రహస్యం కాబట్టి ఎవరికీ చెప్పొద్దని ఓనరుకు గట్టిగా చెప్పి ఉంచాం. ఫోను వచ్చిన రోజు ఆయన వీధిలోకి వచ్చి మేడ వైపు చూసి, "ఓమ్మేయ్, కువైటు!" అని కేక పెట్టాడు. బంగారం అంగళ్ల దాకా వినిపించి ఉంటుంది.

అక్క మెట్లు ఎట్లా దిగిందో నాకు తెలియదు. నేను కిందికి వచ్చేసరికి రిసీవరు పట్టుకుని నిలబడి ఉంది. నేనూ చెవి ఆనించాను.

"చేరినా" అన్నాడు బావ. "బాగుండా. రూము నాలుగో మిద్దెలో. నాకు పడక చూపించినారు. కిటికీ కింద."

"కిటికీ కిందా?"

అక్క గొంతు మారిపోయింది. మా ఊళ్లో కిటికీ కింద ఎవరూ మంచం వెయ్యరు. ఎంత ఉక్కపోతైనా వెయ్యరు. చిన్నప్పటి నుంచీ ఎందుకని అడగకుండానే అందరికీ తెలిసిన విషయం అది. లోపలికి ఏదైనా పడితే మొదట పడేది అక్కడే.

"అదే చెప్తాండా విను. నేను వాకిలి కాడ కింద పండుకుంటా అంటి. టీచరమ్మ కొడుకు ఒకటే తిడతాండాడు. నాలుగో మిద్దెలో కిటికీలోంచి ఎవుడొస్తాడప్పా, గద్దా, అంటాడు. అప్పుడు ఆయప్ప, మన దిగవాయప్ప, మూలనుంచి అంటాడు, నేను కూడా ఆ పడకలో ఎప్పుడూ పండుకోలేదు అని. ఇన్నేండ్లూ పండుకోలేదంట. అందుకేనంట అది కాలీగా ఉండేది. వేరేవాళ్లకు కూడా వాని భయమే అంటుకునిందంట."

"మల్ల యాడ పండుకున్నావు?"

"ఆడనే. ఇద్దరం కలిసి బీరువాను జరిపి కిటికీకి అడ్డం పెట్టినాం. శానా బరువు. ఆయప్ప ఒకపక్క, నేనొకపక్క పట్టుకున్నాం."

టీచరమ్మ కొడుకు వెనకనుంచి ఏదో అరుస్తున్నాడు. గదికి గాలి రావడం లేదని అనుకుంటాను.

వాళ్లిద్దరిలో ఎవరి వీపు ఎవరి వైపు తిరిగి ఉందో, ఆ బరువు మోసేటప్పుడు ఏం మాట్లాడుకున్నారో అక్క అడుగుతుందేమో అనుకున్నాను.

"బీరువా చెక్కదా, ఇనపదా?" అంది.

"ఇనపది."

అప్పుడు గానీ ఆమె ఓనరు వాళ్ల కుర్చీలో కూర్చోలేదు.